వంటగదిలో కంచరగాడిద

నేను అద్దెకు దిగాక వచ్చిన మొదటి శనివారం, మధ్యాహ్నం సరిగ్గా మూడు గంటలకు, నేల కింది నుంచి ఎవరో మూలుగుతున్నట్టు వినిపించింది. ఒంటిగంట నుంచి మూడింటి దాకా ఇంట్లో ఎవరూ చప్పుడు చేయకూడదని మెట్ల దగ్గర కాగితం అంటించి ఉంది. ఆ మూలుగు మూడు కొట్టాకే మొదలైందంటే, మూలిగేవారెవరో గానీ నియమం తెలిసిన మనిషే అనుకున్నాను. అయినా మనసొప్పక, మూడంతస్తులు దిగి కిందికి వెళ్లాను.

ఆ ఇంటి నేలమాళిగలో ఒకప్పుడు అందరూ బట్టలు ఉతుక్కున్న గది ఒకటుంది. అక్కడ బోర్లించిన తొట్టి మీద ఇంటి యజమాని కూర్చుని ఉన్నారు. డెబ్భై దాటిన మనిషి, తెల్లటి జుట్టు వెనక్కి దువ్వి చిన్న పిలక వేసుకుంటారు. ఒళ్లో పాత గిటారు, ఎడమచేతి చిటికెనవేలికి రాగి గొట్టం ముక్క. ఆ గొట్టాన్ని తీగల మీద జారుస్తుంటే గిటారే మూలుగుతోంది. కళ్లు మూసుకుని పాడుతున్నారు. నేను వచ్చినట్టు తెలిసినా ఆపలేదు. పాట అయ్యాక కళ్లు తెరిచి, "గట్టిగా వినిపిస్తోందా?" అని అడిగారు.

"లేదండీ, ఎవరికో ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను" అన్నాను, అప్పటికి నాకు వచ్చిన కాస్త జర్మన్‌లో.

ఆయన పడీ పడీ నవ్వారు. "యాభై ఏళ్లుగా పాడుతున్నాను. నా గొంతు గురించి ఇంత మంచి మాట ఎవరూ అనలేదు. కూర్చోండి" అన్నారు.

నేను వరంగల్ దగ్గర మా ఊరి నుంచి ఫ్రైబర్గ్‌కి మెటీరియల్స్ సైన్స్ చదువుకోవడానికి వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. ఫ్రైబర్గ్ సాక్సనీలో పాత గనుల ఊరు. వెండి ఎప్పుడో అయిపోయింది, యూనివర్సిటీ మిగిలింది. హాస్టల్లో గది దొరక్క ఈ ఇంటి అటకగదిలో చేరాను. కింది అంతస్తులో ఆయనా, ఆయన భార్యా ఉంటారు. ఆయన పని చేసిందంతా ఊరి బయట లోహాలు కరిగించే కర్మాగారంలో. నలభై ఏళ్లు కొలిమి దగ్గర డ్యూటీ. వేలికి తొడుక్కున్న రాగి గొట్టం కూడా అక్కడి తుక్కులోంచి ఏరుకొచ్చి, సానబెట్టుకున్నదే.

ఆయన పాడేవి బ్లూస్ పాటలు. అమెరికా దక్షిణాదిన పత్తిచేలల్లో, రైలు పట్టాల మీద, వరదగట్ల మీద చాకిరీ చేసిన నల్లజాతి కూలీలు పాడుకున్నవి. ఒక వరుస పాడతారు, అదే వరుస మళ్లీ పాడతారు, మూడో వరుసలో దానికి జవాబు చెబుతారు. పాట కట్టు అంతే. అందులోనూ ఆయనకు కావలసింది కరెంటు గిటార్లు రాకముందు, ఒక మనిషీ ఒక గిటారూ ఉన్నప్పటి పాటలే. బెర్లిన్ గోడ కూలిన కొత్తలో పశ్చిమ జర్మనీ నుంచి ఒక పెద్ద బ్యాండు వాళ్లు వచ్చి ఎలక్ట్రిక్ గిటారు వాయించమని పిలిచారట. ఒక్కరోజు వాళ్లతో కూర్చుని తిరిగొచ్చేశారు. ఎందుకని అడిగితే, "అక్కడ డ్రమ్ములు పాట కంటే ముందు పరిగెత్తుతున్నాయి. నేను పాటతో పాటు నడిచే మనిషిని" అన్నారు.

ఈ పిచ్చి ఆయనకు పదహారో ఏట పట్టుకుంది. అది తూర్పు జర్మనీ కాలం. సరిహద్దు అవతలి రేడియోలో ప్రతి శుక్రవారం సాయంత్రం ఒక అరగంట ఈ పాటలు వచ్చేవి. అవతలి రేడియో వినడమే తప్పు, ఆపైన రికార్డులు కొనడానికి దొరికేవి కావు. అందుకని వాళ్ల మామయ్య దగ్గరున్న టేపురికార్డరును రేడియో ముందు పెట్టి, ఇంట్లో అందరినీ ఊపిరి బిగబట్టుకోమని బతిమాలి రికార్డు చేసుకునేవారు. ఆ టేపుల్లో ఒకచోట ఆయన తల్లి తుమ్ము కూడా వినిపిస్తుంది. గిటారు వాయిస్తూ వాయిస్తూ ఆ తుమ్ము వచ్చే చోట ఆయన ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతారు.

పాటలు దొరికాయి గానీ మాటలు దొరకలేదు. బడిలో నేర్పింది రష్యన్. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అందుకని చెవికి ఎలా వినిపిస్తే అలా జర్మన్ అక్షరాల్లో ఒక నోటుపుస్తకంలో రాసుకున్నారు. తర్వాత నిఘంటువు పట్టుకుని ఒక్కో మాటకూ అర్థం వెతికారు. దొరికిన చోట అర్థం, దొరకని చోట ఊహ. నూటికి పైగా పాటలు అలాగే కంఠతా పట్టి, ఊరూరా తిరిగి పాడారు.

పాడటం కూడా ఊరికే కుదరలేదట. అప్పట్లో వేదిక ఎక్కాలంటే కమిటీ ముందు పాడి అనుమతి కాగితం తెచ్చుకోవాలి. మొదటిసారి, ప్రేక్షకుల వైపు చూడకుండా నేలవైపు చూస్తూ పాడాడని పంపేశారు. రెండోసారి కమిటీలో ఒకావిడ, "మన దేశంలో కార్మికులు సంతోషంగా ఉన్నారు కదా, మీ పాటలన్నీ ఎందుకింత దిగులుగా ఉంటాయి?" అని అడిగింది. ఈయన, "మేడమ్, నేను పొద్దున ఆరింటికి కొలిమి దగ్గర డ్యూటీ ఎక్కుతాను. ఒకసారి ఆ వేళకు వచ్చి చూడండి" అన్నారు. మళ్లీ ఫెయిల్. మూడోసారి ఎవరో సలహా ఇస్తే, ఇవి అమెరికాలో అణగదొక్కబడిన శ్రామికుల పాటలని మొదలుపెట్టారు. రెండు నిమిషాల్లో కాగితం చేతికిచ్చారు. "పైగా అది నిజం కూడా" అని చెప్పి నవ్వుతారు.

ఆ శనివారం తర్వాత నేను ప్రతి శనివారం కిందికి వెళ్లడం మొదలుపెట్టాను. ఆయనతో పాటు ఒక రిటైరైన పళ్ల డాక్టరు వచ్చి, తనకంటే ఎత్తుగా ఉండే బాస్ వాయిద్యాన్ని నిలబెట్టి వాయించేవారు. నేను వింటూ గోడకానుకుని కూర్చునేదాన్ని. ఒకరోజు నాకు తెలియకుండానే చెంచాతో టీ కప్పు మీద తాళం వేస్తున్నాను. మా తాత భజనలో చిరుతలు పట్టేవాడు. చిన్నప్పుడు నేనూ ఆయన పక్కన కూర్చుని పట్టేదాన్ని. ఆ చేతి అలవాటు పోదు. పెద్దాయన పాట ఆపి డాక్టరు వైపు చూశారు. డాక్టరు లేచి, గోడకు వేలాడుతున్న పాత జింకు రేకు పలకను తెచ్చి నా ఒళ్లో పెట్టారు. ఒకప్పుడు ఆ గదిలో బట్టలు రుద్దిన పలక అది. పెద్దాయన భార్య తన కుట్టుపెట్టెలోంచి దర్జీలు వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీలు నాలుగు తెచ్చి ఇచ్చింది.

"మెల్లగా. రైలు స్టేషన్‌లోంచి కదులుతున్నట్టు" అన్నారు పెద్దాయన.

అలా నేను బట్టల పలక వాయించే మనిషినయ్యాను. ఇంట్లో చెబితే అమ్మ, "గంత దూరం బోయి బట్టలు ఉతికే పలక గీకుతున్నవా బిడ్డా" అంది. అంది గానీ, వీడియో పంపమని నాలుగుసార్లు అడిగింది.

ఒక శనివారం మాటల మధ్య మా ఊళ్లో పత్తి పండిస్తారని చెప్పాను. చిన్నప్పుడు సెలవుల్లో నానమ్మతో పాటు నేనూ పత్తి ఏరడానికి వెళ్లేదాన్నని, ఒక మనిషి పాట ఎత్తుకుంటే వరుసలో ఉన్న ఆడవాళ్లందరూ అందుకునేవారని చెప్పాను. పెద్దాయన గిటారు పక్కన పెట్టేశారు.

"మీ చేతులతో మీరు పత్తి ఏరారా?"

"ఏరాను. సంచి నిండేది కాదు, వేళ్లు మాత్రం గీరుకుపోయేవి."

"వేళ్లు ఎందుకు గీరుకుపోతాయి? పత్తి మెత్తగా ఉంటుంది కదా."

అప్పుడు అర్థమైంది నాకు. యాభై ఏళ్లుగా పత్తిచేల పాటలు పాడుతున్న ఈ మనిషి పత్తిచెట్టును ఒక్కసారి కూడా చూడలేదు. ఆ డిసెంబరులో ఇంటికి వెళ్లినప్పుడు అమ్మతో, తిరిగి వెళ్లేలోపు నాలుగు ఎండిన పత్తికాయలు కావాలన్నాను.

"పత్తికాయలా? ఆడ ఏం జేస్తవే వాటితోని?"

"మా ఓనరుకు సూపిస్తనమ్మా. యాభై ఏండ్ల సంది పత్తిచేన్ల పాటలు పాడుతుండు. కాయ మాత్రం సూడలే."

"పత్తికి పాటలేంది? నడుము ఇరుగుతది గని" అంది అమ్మ. కానీ విచ్చుకున్న కాయలు ఏరి, పాత చీర ముక్కలో చుట్టి ఇచ్చింది.

తిరిగి వచ్చాక వాటిని పెద్దాయన అరచేతిలో పెట్టాను. కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశారు. దూది లాగబోతే ఎండిన కాయ మొన వేలికి గుచ్చుకుంది. చిన్న రక్తపు చుక్క. దాన్ని తుడుచుకోకుండా, "ఓహో" అన్నారు. మళ్లీ ఇంకో రెబ్బ లాగారు. మళ్లీ గుచ్చుకుంది. "రోజంతానా?" అని అడిగారు. పొద్దు పొడిచినప్పటి నుంచి అని చెప్పాను. ఆ రోజు పత్తి గురించిన పాట ఎత్తుకుని, ఎప్పుడూ పాడేదానికంటే బాగా నెమ్మదిగా పాడారు. పాట అయ్యాక, జర్మన్‌లో మీరు అనడం ఇక వద్దు, నువ్వు అను అన్నారు. ఇక్కడ అది పెద్ద మర్యాద. సరే అన్నాను గానీ, డెబ్భై దాటిన మనిషిని నువ్వు అంటే మా అమ్మ నన్ను గడప దాటనివ్వదు. అందుకే జర్మన్‌లో నువ్వు, మనసులో మాత్రం మీరు.

ఆ తర్వాతే నోటుపుస్తకం బయటికి తీశారు. నల్ల అట్ట, అంచులు నలిగిపోయాయి. "నువ్వు చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషులో చదువుకున్నావు కదా. ఈ పాటలు విని, నేను రాసుకున్నది సరిగ్గా ఉందో లేదో చూడు. చచ్చిపోయేలోపు నేనేం పాడుతున్నానో నాకు తెలియాలి" అన్నారు.

ఇంగ్లీష్ మీడియం చదువు గర్వంతో ఒప్పేసుకున్నాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే మొదటి పాటలో నాకు నాలుగు మాటలు కూడా తెలియలేదు. అది మా కాన్వెంటులో చెప్పిన ఇంగ్లీషు కాదు. మాటల చివర్లు మింగేస్తారు, మధ్యలో సాగదీస్తారు, దానికి తోడు టేపు బుసబుస. ఒక్కో పాటకూ రెండు వారాలు పట్టింది. ఆయన రాసుకున్న వాటిల్లో చాలా వరకు ఆశ్చర్యంగా సరిగ్గానే ఉన్నాయి. తప్పులు దొరికినప్పుడు ఆయన చిన్నపిల్లాడిలా సంతోషించేవారు. నది పేరనుకున్నది ఒకచోట ఆడమనిషి పేరని తేలింది. "ఇన్నాళ్లూ నేను ఏటితో పోట్లాడుతున్నానన్నమాట" అన్నారు.

ఇలా నడుస్తుండగా కంచరగాడిద పాట దగ్గరికి వచ్చాం.

ఆ పాట గురించి చెప్పాలి. ఆయన కచేరీల్లో జనం అడిగి పాడించుకునేది అదే. "గాట్ ఎ మ్యూల్ ఇన్ మై కిచెన్" అని రెండుసార్లు వస్తుంది, అంటే నా వంటగదిలో కంచరగాడిద ఉంది అని. మూడో వరుసలో, వినండి నా పాప ఏడుస్తోంది అని ఉంటుంది. పాడేముందు ఆయన ఒక కథ చెబుతారు. చలికాలంలో పేదవాడు తనకున్న ఒకే ఒక్క గాడిదను బయట వదల్లేక వంటగదిలోకి తెచ్చుకున్నాడట. తమ నానమ్మ కూడా సాక్సనీ చలిలో మేకను పొయ్యి పక్కన కట్టేసేదట. గాడిదను చూసి పాప జడుసుకుని ఏడుస్తోందట. ఆ చోట డాక్టరు గాడిదలా ఓండ్రపెడతారు. జనమంతా కలిసి ఓండ్రపెడతారు. నలభై ఏళ్లుగా ఇదే. ఊళ్లో ఆయన కచేరీ పోస్టర్ల మీద గాడిద బొమ్మ ఉంటుంది. కొందరు గుడ్డ గాడిదల్ని కూడా పట్టుకొస్తారు.

ఆయన భార్య మాత్రం ఆ పాట మొదలవగానే లేచి కాఫీ పెట్టడానికి వెళ్లేది. "కంచరగాడిద వంటగదిలోకి ఎలా పడుతుంది? నేను పెళ్లైన కొత్తలోనే అడిగాను" అనేది.

ఒక ఆదివారం పొద్దున ఆ పాటే వింటూ చపాతీలకని డబ్బా తీశాను. అడుగున చారెడు పిండి కూడా లేదు. ఆదివారం ఇక్కడ షాపులేవీ తెరవరు. హాస్టల్లో ఉండే కాకినాడ స్నేహితురాలికి ఫోన్ చేశాను.

"ఏమేయ్, నీ దగ్గర గోధుమపిండి ఉందా? నాది నిండుకుంది."

"నిండుకుందంట. మా అమ్మమ్మలా మాట్లాడతావేంటే. నిన్న షాపుకెళ్తున్నా, ఏమన్నా కావాలా అనడిగితే వద్దన్నావు కదా. సర్లే, బస్సెక్కి వచ్చెయ్, ఇక్కడే తినేద్దువు గాని."

ఫోన్ పెట్టేసి, ఆగిపోయిన పాటను మళ్లీ పెట్టాను. ఖాళీ డబ్బా చేతిలోనే ఉంది. ఆ వరుస వచ్చింది. మ్యూల్ కాదు. మీల్. "గాట్ నో మీల్ ఇన్ మై కిచెన్." ఆ 'నో' ముక్కులోంచి వచ్చి పక్క మాటలో కలిసిపోతోంది, అంతే. మనకు మీల్స్ అంటే అరిటాకు భోజనం. నిఘంటువు తీసి చూశాను. మీల్ అంటే మరపట్టించిన మొక్కజొన్న పిండి కూడానట.

నా వంటగదిలో పిండి నిండుకుంది. వినండి, నా పాప ఏడుస్తోంది.

బస్సు ఎక్కడం మరిచిపోయాను. ఇరవైసార్లు విన్నాను. ఇంటర్నెట్లో వెతికితే ఆ పాట మాటలు రాసినవాళ్లు ఆ చోట ప్రశ్నార్థకం పెట్టి వదిలేశారు. స్నేహితురాలు మళ్లీ ఫోన్ చేసి, "పప్పు చల్లారిపోతోందే బాబూ" అంటే అప్పుడు బయల్దేరాను. భోజనం చేశాక ఆమెకూ వినిపించాను. ఏమీ చెప్పకుండా, ఏం వినిపిస్తోందో చెప్పమన్నాను. కళ్లు మూసుకుని విని, "నో మీల్ అంటున్నాడు కదే. పాపం ఎవరే ఈయన?" అంది.

చెప్పడానికి నాకు నోరు రాలేదు. రెండు శనివారాలు ఏదో ఒక వంకతో వేరే పాట ముందు చూద్దామన్నాను. చివరికి ఆయన భార్యకు చెప్పాను. ఆవిడ ముందు కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. కుర్చీలో కూర్చుని మళ్లీ నవ్వింది. తర్వాత మెల్లగా నవ్వు ఆగిపోయింది.

"నువ్వే చెప్పు. నేను చెబితే ఇన్నేళ్ల తర్వాత పందెం గెలిచినట్టుంటుంది" అంది.

ఆ శనివారం ఆయనకు చెప్పాను.  టేపు వెనక్కి తిప్పి మూడుసార్లు విన్నారు. మూడోసారి కళ్లద్దాలు తీసి మోకాలి మీద పెట్టుకున్నారు.

"పాప గాడిదను చూసి ఏడవడం లేదు" అన్నారు. "ఆకలికి ఏడుస్తోంది."

"అవును."

"నలభై ఏళ్లు నేను ఆ పాప ఏడుపుకి జనాన్ని నవ్వించాను."

నేను ఏదో సర్దిచెప్పబోయాను. టేపు బాగాలేదని, మీరు కావాలని చేసింది కాదని. ఆయన తల ఊపారు గానీ వినలేదు.

తర్వాతి శనివారం మూడు కొట్టింది, కింది నుంచి చప్పుడు రాలేదు. ఆ పై శనివారమూ అంతే. భార్య నా చేతికి ప్లమ్ పళ్ల కేకు ముక్కలు రెండిచ్చి పెరట్లోకి పంపింది. పెద్దాయన కంచెమొక్కల్ని కత్తిరిస్తున్నారు. కత్తిరించీ కత్తిరించీ అప్పటికే అవి మోకాలెత్తుకు దిగిపోయాయి.

"కోపం వచ్చిందా నా మీద?" అని అడిగాను.

"నీ మీద ఎందుకు? నువ్వు చెప్పకపోతే నేను అలాగే పోయేవాణ్ని" అన్నారు. కత్తెర కింద పెట్టి కేకు అందుకున్నారు. "ఎలా పాడాలో తెలియడం లేదు. చేతులు పాత పాటే వాయిస్తున్నాయి. చేతులకు కూడా చెప్పాలి కదా."

మరుసటి శనివారం డాక్టరును పిలిచారు. డాక్టరు ఒప్పుకోలేదు. వేసవి పండుగలో కచేరీ మూడు వారాల్లో ఉంది, పోస్టర్లు అచ్చయి ఊరంతా అంటించేశారు, అన్నిటి మీదా గాడిదే. "జనం గాడిద కోసం వస్తారు. ఇంకో పాట కొత్తది కట్టుకుందాం, దీన్ని ఇలాగే వదిలెయ్" అన్నారు.

"పన్ను పుచ్చిందని తెలిశాక, ఫొటో తీయించుకున్నాం కాబట్టి ఉంచుదామంటావా?" అని అడిగారు పెద్దాయన.

డాక్టరు బాస్ నిలబెట్టి శ్రుతి చేయడం మొదలుపెట్టారు.

మూడు వారాలు ఆ ఒక్క పాట మీదే కూర్చున్నాం. పాతది గెంతుతూ నడిచేది, నా పలక చప్పుడుతో సహా. కొత్తదానికి ఆయన నన్ను పూర్తిగా ఆపేశారు. "మొదటి రెండు వరుసలకు నువ్వు వద్దు. మూడోదానికీ వద్దు. తర్వాత చూద్దాం" అన్నారు. చివరికి పాటంతటిలో నాకు మిగిలింది నాలుగు దెబ్బలు. ఆ నాలుగింటికి నేను పడ్డ శ్రమ పరీక్షలకు కూడా పడలేదు.

కచేరీ ఒక పాత భవనం ప్రాంగణంలో, సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే. బెంచీలు నిండిపోయి జనం గోడల మీద కూర్చున్నారు. కాకినాడ స్నేహితురాలు పెద్ద గిన్నెడు పులిహోర కలిపి తెచ్చి, వచ్చిన మన పిల్లలందరికీ పేపరు ప్లేట్లలో పంచుతోంది. ముందు వరుసలో ఇద్దరు ఆడవాళ్లు గుడ్డ గాడిదలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. 

ఆ పాట వంతు వచ్చింది. పెద్దాయన లేచి నిలబడ్డారు. ఎప్పుడూ కూర్చునే పాడే మనిషి లేచేసరికి జనం నిశ్శబ్దమయ్యారు.

"నలభై ఏళ్లుగా నేను మీకు ఒక అబద్ధం చెప్పాను" అన్నారు. "వంటగదిలో కంచరగాడిద లేదు."

జనం గొల్లుమన్నారు. కథకు కొత్త మొదలు అనుకున్నారు. ఆయన నవ్వకుండా, నవ్వు తగ్గేదాకా ఆగారు. తర్వాత టేపురికార్డరు గురించి, రష్యన్ చదువు గురించి చెప్పారు. అసలు మాటేమిటో చెప్పారు. మా అటకగదిలో ఉండే అమ్మాయి డబ్బాలో పిండి అయిపోతే నాకు ఈ సంగతి తెలిసింది అని నా వైపు చూపించారు. మళ్లీ నవ్వారు జనం, ఈసారి కాస్త తక్కువగా. ఆయన కూర్చుని పాట ఎత్తుకున్నారు.

మొదటి వరుస అయ్యాక వెనకెక్కడో ఎవరో అలవాటు కొద్దీ ఓండ్రపెట్టి, సగంలో ఆపేశారు. ఆ తర్వాత ఎవరూ కదల్లేదు. రాగి గొట్టం తీగ మీద కింది నుంచి జారుతూ స్వరం దాకా వచ్చి, స్వరాన్ని అందుకోకుండా కొంచెం కిందే ఆగిపోయింది. పాప ఏడుస్తోందన్న వరుసను ఆయన పాడలేదు, మాట్లాడినట్టు అన్నారు. నా నాలుగు దెబ్బలు నేను వేశాను. పాట అయ్యాక చప్పట్లు చాలాసేపు ఆగలేదు. 

కచేరీ అయిపోయాక బాగా పెద్ద వయసావిడ ఒకరు చక్రాల ఊతబండి తోసుకుంటూ ఆయన దగ్గరికి వచ్చింది. ప్రతి ఏడూ వస్తానని, గాడిద పాటకు తానూ ఓండ్రపెట్టేదాన్నని చెప్పింది.

"యుద్ధం అయిన ఏడాది మా అమ్మ, ఎండ ఉండగానే, రాత్రి భోజనం ఊసెత్తకుండా మమ్మల్ని పడుకోబెట్టేసేది. చలిగా ఉందని చెప్పేది. అది చలికి కాదని పెద్దయ్యాక తెలిసింది" అంది. ఆయన చెయ్యి పట్టుకుని కాసేపు ఊపి, "గాడిద కూడా బాగుండేది లెండి" అని వెళ్లిపోయింది.

గుడ్డ గాడిదలు తెచ్చిన ఇద్దరూ వాటిని ఏం చేయాలో తెలియక నిలబడ్డారు. పెద్దాయన వాటి చెవుల మీద సంతకాలు పెట్టి ఇచ్చారు. డాక్టరు పులిహోర మూడో ప్లేటు తింటూ నా స్నేహితురాలిని, ఈ వేరుశనగలు పళ్లకు మంచివి కాదు, ఇంకొంచెం పెట్టండి అని అడుగుతున్నారు.

ఇంటికి వచ్చే దారిలో ఆయన చాలా హుషారుగా ఉన్నారు. చేయాల్సిన పని ఏదో చేసేసిన మనిషిలా నడుస్తున్నారు. ఉన్నట్టుండి, "మిగతా పాటల సంగతేమిటి?" అన్నారు. "నువ్వు చదువైపోయి వెళ్లిపోతావు. అప్పుడు నా కోసం ఎవరు విని చెబుతారు?"

చదువయ్యాక నేను వెళ్లలేదు. దగ్గర్లోనే ఉద్యోగం దొరికి అదే అటకగదిలో ఉండిపోయాను. కానీ ఆయన నా కోసం ఆగలేదు. కచేరీ జరిగిన ఏడాది సెప్టెంబరులోనే ఊళ్లో పెద్దవాళ్లకు సాయంత్రం పాఠాలు చెప్పే బడిలో ఇంగ్లీషు మొదటి తరగతిలో చేరారు. డెబ్భై నాలుగో ఏట. కొత్త సంచి, కొత్త పెన్సిళ్లు. అదే బడిలో నేను జర్మన్ పరీక్షలకు కుస్తీ పట్టిన గదిలోనే ఆయన ఇంగ్లీషుకు కుస్తీ పట్టారు. నేను జర్మన్ మాటలు రాసుకున్న పాత కార్డుల వెనకవైపు ఇంగ్లీషు మాటలు రాసుకుని స్నానాలగది అద్దానికి అంటించారు. భార్య పళ్లు తోముకుంటూ వాటిని కంఠతా పట్టేసింది.

పాఠాలు చెప్పేది ఇంగ్లండు నుంచి వచ్చిన కుర్ర టీచరు. మొదటి వారంలోనే ఆమెకు తలనొప్పి మొదలైంది. ఈయనకు గూడ్సు రైలు, వరదగట్టు, జైలు కాపలావాడు, సారా బట్టీ లాంటి మాటలన్నీ వచ్చు. వెన్న, గొడుగు, పోస్టాఫీసు రావు. ఒకరోజు ఆమె, మీ దగ్గర పెన్సిల్ ఉందా అని ఇంగ్లీషులో అడిగితే, ఈయన పాటల్లో నేర్చుకున్న యాసలో సాగదీసి, "ఐ ఏన్ట్ గాట్ నో పెన్సిల్, మామ్" అన్నారట. తరగతంతా బల్లలు చరిచింది. అలా అనకూడదని ఆమె బోర్డు మీద రాసి చూపించింది.

"నాకు నేర్పినవాళ్లందరూ అలాగే అంటారు" అన్నారట ఈయన.

మొదటి పరీక్ష పాసయ్యారు. సర్టిఫికెట్టులో వ్యాకరణం దగ్గర తక్కువ, మాట్లాడటం దగ్గర ఎక్కువ వచ్చింది. ఇప్పుడు రెండో తరగతి. శనివారం మూడింటికి కిందికి వెళితే, గిటారు శ్రుతి చేసే ముందు హోంవర్కు నాకు చూపిస్తారు. పోయిన వారం, సెలవు రోజు ప్రయాణం గురించి పది వాక్యాలు రాసుకురమ్మన్నారట. ఈయన రాసింది చదివాను. ఒక మనిషి పెట్టె పట్టుకుని స్టేషన్‌కి వెళ్తాడు. వాన పడుతోంది. రైలు వెళ్లిపోయింది. అతను పెట్టె మీద కూర్చున్నాడు. అంతటితో అయిపోయింది. అక్షర దోషం ఒక్కటి కూడా లేదు.

"టీచరు ఏమంది?" అని అడిగాను.

"కథ సంతోషంగా ముగియాలి కదా, తర్వాత రైలు వస్తుందని రాయొచ్చు కదా అంది."

"మీరేమన్నారు?"

ఆయన చిటికెనవేలికి రాగి గొట్టం తొడుక్కుంటూ, "వస్తుంది అని ఎలా రాయాలో ఇంకా చెప్పలేదు కదా అన్నాను. భవిష్యత్ కాలం వచ్చే నెలలో పాఠమట" అన్నారు. డాక్టరు అప్పటికే బాస్ పట్టుకుని నిలబడ్డారు. నేను ఇత్తడి టోపీలు వేళ్లకు తొడుక్కుని, పలకను ఒళ్లోకి లాక్కున్నాను.